ఆయుధములు మార్చుకొను వేళ

జపానుదేశమునందలి నిన్‌టెండో సంస్థవారు 1998వ సంవత్సరము నవంబరు నెలలో వెలువరించిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరినా ఆఫ్ టైమ్’ అను సాహసక్రీడను, వీడియో గేముల చరిత్ర వ్రాయబూనిన వారెవ్వరును దాటిపోజాలరు. ఆ క్రీడయందు లింక్ అను యువకుడు కథానాయకుడు. ఆతడు ఒకానొక సరోవరము అడుగుననున్న జలాలయమును ప్రవేశించి, నీటిమట్టమును ఒక పాట వాయించి మూడు ఎత్తులకు మార్చుచు, ఆ మట్టము మారినప్పుడెల్ల తెరచుకొను ద్వారములను, మూతపడు మార్గములను వెదకికొనుచు పోవలెను. నీటి యడుగునకు దిగుటకు ఇనుప పాదరక్షలు తొడుగుకొనవలెను. పైకి తేలుటకు వానిని విడువవలెను. లోపల ఊపిరి నిలుచుటకు నీలిరంగు అంగీ ధరించి యుండవలెను. ఇంతవరకు కల్పన రమణీయముగనే యున్నది. కాని ఆ పాదరక్షలను తొడుగుటకు ఆడువాడు ఏమి చేయవలసియుండెనో చూడుడు: ఆటను నిలుపు బటను నొక్కి, పుటలు త్రిప్పి పరికరముల పుటకు చేరి, వరుసలో చిట్టచివరనున్న పాదరక్షల బొమ్మమీదికి సూచికను జరిపి, దానిని నొక్కి, పుటను మూసి, మరల ఆటను సాగింపవలెను, నాలుగడుగులు నడిచి పైకి తేలవలసినప్పుడు ఈ తతంగమంతయు తలక్రిందులుగా మరల జరుపవలెను.

ఆ యాటలోని ఆలయముల కల్పనకు బాధ్యత వహించిన ఆయొనుమా మహాశయుడు ఈ చిక్కును గూర్చి తరువాతి కాలమున బహిరంగముగనే విచారము వెలిబుచ్చెను. 2011లో అదే యాటను చేతిలోనిముడు యంత్రమునకు మార్చి వెలువరించినప్పుడు ఇనుప పాదరక్షలను ఒక్క బటనునకు లోబరచిరి. పుటలు త్రిప్పు పని తొలగిపోయెను. లోకమంతయు సంతసించెను. నేనును సంతసించువాడనే. అయినను ఆ దిద్దుబాటు నుండి తరువాతి క్రీడాకర్తలు నేర్చుకొన్న పాఠము సగము మాత్రమే సరియైనదని నా తలంపు. వారు ‘పరికరములను మార్చుకొనుట ఎంత సులభమైన అంత మేలు’ అని గ్రహించిరి. జలాలయమున దోషము పరికరమును మార్చుట కష్టమగుటలో లేదు. ఆ కష్టమంతయు బొటనవ్రేలికే గాని బుద్ధికి లేకపోవుటలో నున్నది. నీటిలో దిగవలెనన్న ఇనుము, తేలవలెనన్న తోలు. ఇందు ఆలోచింపదగినది ఏమున్నది? ఆలోచన లేని పనిని చేతికి నూరుమారులు చెప్పుట దండన. ఆలోచన కలచోట చేతిని ఒక్కింత నిలుపుట మాత్రము దండన గాదు, అదియే ఆటకు ప్రాణము.

వీడియో గేములను గూర్చి తెలుగు పత్రికలో ఇంత సూక్ష్మవిషయము వ్రాయుట తగునా యని ఎవరైన శంకింతురేమో. మన పత్రికలకు ఆటలు జ్ఞాపకము వచ్చునది నిషేధము వచ్చిననాడు. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పబ్జీ అను ఆటను నిషేధించినప్పుడును, ఆ వారముననే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము ఆన్‌లైను రమ్మీని, పోకరును నిషేధింప నిశ్చయించినప్పుడును పుటలకు పుటలు నిండినవి. పిల్లల కన్నులు, చదువులు, తండ్రుల బ్యాంకుఖాతాలు ఏమగుచున్నవో చర్చలు జరిగినవి. ఆ చర్చలు అవసరమే, కాదనను. అయితే నాటకమును గూర్చి, చలనచిత్రమును గూర్చి తెలుగువారు చేయు విమర్శ వ్యసనదోషములతోనే ముగియుటలేదు గదా! రంగస్థలముపై రెండవ అంకమున దుస్తులు మార్చుకొనుటకు నటునకు తగిన వ్యవధి ఈయలేదని కవిని మందలించు విమర్శకులు మనకు కలరు. పల్లె పల్లెకు, గదికి గదికి ఫోనుతెర చేరియున్న ఈ కాలమున, పిల్లలు రోజునకు గంటలకొలది మెలగు ఒక కళయందు కట్టుబాట్లెట్టివో విచారించువారు లేకుండుట నాకు వింతగా తోచుచున్నది.

ఈ క్రీడల నెరుగని వారికొరకు కొంత వివరింతును. సాహసక్రీడలో నాయకుడు తలకొకటి, మేనికొకటి, కాళ్ళకొకటి తొడుగులు ధరించును. చేత కత్తియో, విల్లో, ఈటెయో పట్టును. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క గుణము. 2017లో వచ్చిన అదే జెల్డా పరంపరలోని ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ అను క్రీడలో మంచుకొండ లెక్కుటకు ఈకల అంగీ, అగ్నిపర్వతము చేరువకు పోవుటకు నిప్పునకు చెక్కుచెదరని కవచము, జలపాతమున కెదురీదుటకు పొలుసుల తొడుగు, కొండ లెగబ్రాకుటకు వేరొక జత కలవు. గెరూడో అను ఎడారి పట్టణమున పురుషులకు ప్రవేశము లేదు. నాయకుడు స్త్రీవేషము ధరించిననే ద్వారపాలికలు లోనికి విడుతురు. లోపల ఆ వేషము విప్పెనా, మెడబట్టి వెలుపలికి గెంటుదురు. బృహన్నల కథ చిన్ననాటనుండి విన్న తెలుగు పాఠకునకు ఈ ఘట్టమును విప్పి చెప్పనక్కరలేదు.

మొన్నటి సంక్రాంతికి హైదరాబాదునుండి మా ఊరగు ముప్పాళ్ళకు వచ్చిన మా తమ్ముని మనుమడు ఈ యాటను నాకు చూపించెను. తెరపై మబ్బులు కమ్మినవి, వాన పట్టినది, నాయకుని వీపునగల డాలునుండి సన్నని నిప్పురవ్వలు చిటపటలాడసాగినవి. పిల్లవాడు తడబడక బటను నొక్కెను. రంగమంతయు చిత్తరువువలె నిలిచిపోయెను. బొమ్మల వరుసలలో ఇనుప కత్తిని, ఇనుప డాలును తొలగించి, ఒక కర్రగదను, చెక్కడాలును ఎన్నుకొనెను.

“ఉరుమొచ్చినప్పుడు ఇనుము వంటిమీదుంటే పిడుగు పడుద్ది, పెద్ద తాతయ్యా. కర్రది పెట్టుకోవాల,” అని నాకు బోధించెను.

“మరి నీవు మార్చుకొనుదాక పిడుగు ఆగునా?” అని యడిగితిని.

“మెనూ తెరిస్తే అన్నీ ఆగిపోతయ్యి.”

వాని సమాధానమున నాకు కావలసినదంతయు ఉన్నది. ఇనుమునకు పిడుగు భయము కల్పించినవాని ప్రతిభకు నేను జోహారులర్పింతును. వాన రాగానే ఆకసమువంక చూడవలెను, వీపున నున్నదేమో తలచుకొనవలెను, చెట్టు క్రిందికి పోవలెనా బయలున నుండవలెనా నిశ్చయించుకొనవలెను అని ఆడువానికి ప్రకృతిపట్ల భయభక్తులు నేర్పిన కల్పన అది. కాని అంత చక్కగా కల్పించిన ఆపదను, ఆ కల్పించినవాడే, ఒక బటనుతో ఆకసమున వ్రేలాడదీసి, నాయకుడు దుస్తులు మార్చుకొనుదాక వేచియుండుమని ఆజ్ఞాపించినాడు. రాక్షసుడెత్తిన గదయు అట్లే గాలిలో నిలుచును. ఆ వ్యవధిలో నాయకుడు సంచిలోని యాపిలుపండ్లన్నియు భక్షించి గాయములు మాన్పుకొనవచ్చును. కాలమును ఆపగలవాడు దేనికి జంకును? వానకు జంకుట, చలికి జంకుట, ఎడారికి జంకుట అను మూడును ఆ మెనూ తెరచినంతనే ఉత్తిమాటలగుచున్నవి.

దీనికి ప్రతిపక్షమును కలదు. 2011లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన మియజాకి పర్యవేక్షణలో వచ్చిన ‘డార్క్ సోల్స్’ అను క్రీడలో మెనూ తెరచినను శత్రువు ఆగడు. నీవు సంచిలో వెదకుచుండగనే వాడు వచ్చి నరుకును. అంతేకాక ధరించిన వస్తువుల బరువును లెక్కించి, బరువు మితిమీరినచో నాయకుడు పొరలి తప్పించుకొనుటయందు జాగు కల్పించిరి. ఇనుపకోటవంటి కవచము ధరించినవాడు దెబ్బ ఓర్చుకొనును గాని తప్పించుకొనలేడు. పలుచని అంగీ ధరించినవాడు తప్పించుకొనును గాని ఓర్చుకొనలేడు. కావున తలుపు తెరచుటకు ముందే, లోపల నెవడున్నాడో ఊహించి, నేడు నేనెట్టివాడను కావలెనని నిర్ణయించుకొనవలెను. ఈ యాట కఠినమను అపకీర్తి నార్జించినది. కొందరికి విసుగును పుట్టించినది. అయినను పరికరముల విషయమున దానియందున్న న్యాయము నాకు నచ్చినది.

ఈ న్యాయము మనవారికి క్రొత్తదియు గాదు. విరాటపర్వమును స్మరింపుడు, పదుమూడవ శతాబ్దమున తిక్కనసోమయాజి భారతాంధ్రీకరణమున తన వంతును ఆ పర్వముతోనే మొదలిడెను. పాండవులు విరాటనగరము ప్రవేశించుటకు పూర్వము తమ యాయుధములన్నింటిని మూటగట్టి, ఊరి వెలుపల శ్మశానభూమి చెంతనున్న శమీవృక్షముపై దాచి, పశువులకాపరులు దరికి రాకుండ ఒక శవమును ఆ చెట్టునకు వ్రేలాడదీసిరి. సంవత్సరము గడచిన పిమ్మట ఉత్తరగోగ్రహణవేళ, బృహన్నల వేషముననున్న అర్జునుడు రథమును సరాసరి శత్రుసేనపైకి తోలియు, ఉత్తరుడు బెదరి పారిపోవగా వానిని పట్టి తెచ్చి, మొదట చేసిన పని ఏమి? వెనుకకు మరలి, ఆ చెట్టుకడకు పోవుట. భీష్మద్రోణులు ఎదుట నిలిచియుండగా, కౌరవులు గోవులను తోలుకొనిపోవుచుండగా, ఒక రాజకుమారుని బలవంతముగ చెట్టెక్కించి, మూట విప్పించి, ఆ వింటి పేరేమి, ఈ కత్తి యెవ్వరిది, ఆ తూణీరము లెవ్వరివి అని వాడడుగుచుండగా ఒక్కొక్కదానికి వివరము చెప్పి, గాజులు తీసి చేతితొడుగులు ధరించి, విడిన కురులు ముడిచికట్టి, ఉత్తరుని సింహధ్వజమును దింపి చెట్టు మొదట నుంచి, తన కపిధ్వజము నెత్తించి, అప్పుడుగాని పోరునకు కదలలేదు. కాలము ఎవ్వరికొరకును ఆగలేదు. ఆ జాగువలననే, ఆ చెట్టు దూరమువలననే, ఆ ఘట్టము వినువారి మేను పులకించును. అర్జునుడు రథముపై కూర్చున్నచోటనే గాజులు మాయమై గాండీవము చేతికి వచ్చియుండినచో, ఆ కథకు అంత రుచి యెక్కడిది? 1963లో కమలాకర కామేశ్వరరావుగారు ‘నర్తనశాల’ తీసినప్పుడు రేలంగివారి ఉత్తరుని బెదరు చూచి జనులు పొట్టలు చెక్కలగునట్లు నవ్విరి. వాని యొద్ద కవచమున్నది, విల్లున్నది, రథమున్నది, లేనిది ధైర్యమొక్కటే. పరికరము లెన్ని మార్చినను ఉత్తరుడు అర్జునుడు కాలేడను సంగతి క్రీడాకర్తలు గోడపై వ్రాసి పెట్టుకొనదగినది.

భారతము మాట అటుండనిండు. మా జిల్లా మాట చూతము. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగ జిల్లా ఏర్పడిన పిమ్మట ముప్పాళ్ళవారమగు మేమును అధికారికముగ పల్నాటివారమైతిమి; అంతకుముందు మాచెర్ల, గురజాలలవారు మమ్ము పల్నాటివారిగా అంగీకరించియుందురో లేదో నేను చెప్పజాలను. వీరగాథయందు వారికున్న హక్కు వారిదే. పండ్రెండవ శతాబ్దపు చివరిపాదమున గురజాల నలగామరాజునకు, మాచెర్ల మలిదేవునకు నడుమ జరిగిన ఆ పోరు, ఒకవంక బ్రహ్మనాయుడు, మరియొకవంక నాగమ్మ నడపిన ఆ రాజకీయము, శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపదయందు నిలిచినది. దానిని అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ముద్రించి లోకమున కందించిరి. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరులగుడి యున్నది. ఏటేట కార్తిక అమావాస్యనాడు మొదలై అయిదుదినములు అచ్చట వీరారాధన జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. దూరదూరముల నుండి వీరాచారవంతులు తమ పెద్దలనాటి కొణతములను భుజములపై మోసికొనివచ్చి, నాగులేట స్నానము చేయించి, పసుపు పూసి, పూలు చుట్టి, గుడికి తెత్తురు. ఆ ఆయుధము ఇనుపముక్క యని వారితో అని చూడుడు! అది పెద్ద, అది ఆ వీరుడే. బ్రహ్మనాయుని కుంతమునకు నృసింహకుంతమని పేరున్నది.

మా పిల్లవాని సంచిలో ఆనాడు నేను లెక్కింపజాలనన్ని కత్తులున్నవి. విరుగగానే మరియొకటి, అది విరుగగానే ఇంకొకటి. వానిలో దేనికైన ఎనిమిదివందల యేండ్ల తరువాత ఎవ్వడైన ఏటినీట స్నానము చేయించునా? మార్చుకొనుటకు వీలున్న కొలది వస్తువునకు మనిషితో పొత్తు సడలును. నాగార్జునకొండ ఛాయాస్తంభములను చూచినవారికి ఈ మాట విశదమగును. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దములనాటి ఇక్ష్వాకులకాలపు యోధులను వారి వారి పోరాటపు రూపుతోనే ఆ రాతిపై నిలిపిరి. చచ్చిన వీరునకు శిల్పి ఒక్క రూపమే యిచ్చినాడు; కావుననే మనము గుర్తుపట్టుదుము.

పల్నాటి కథయందు పరికరములు మార్చుకొను ఘట్టములు రెండు నాకు మిక్కిలి ఇష్టము. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు బొంగరములాడుచుండెను. ఆ బొంగరము తగిలి నొచ్చిన స్త్రీ, ‘పెద్దలందరు యుద్ధమునకు పోయియుండగా నీవిచట ఆటలాడుచున్నావా’ యని ఎత్తిపొడిచినది. ఆ మాటతో వాడు బొంగరము విడిచెను. తల్లి ఐతాంబ వద్ద సెలవు తీసికొని, భార్య మాంచాల యింటికి పోయి, ఆమె చేత సాగనంపబడి, కారెంపూడి కేగెను, మరలి రాలేదు. ఆతని బ్రతుకున పరికరముల మార్పు ఒక్కమారే. వెనుకకు త్రిప్పుకొను బటను లేదు. రెండవది అలరాజు రాయబారము. నలగామరాజునకు అల్లుడైన అలరాజు సంధిమాటలు మోసికొని గురజాల వెళ్ళెను, రాయబారికి మాటయే ఆయుధము, విషమునకు కవచము అడ్డము రాదు; విషప్రయోగమునకు లోనై చనిపోయెను. ఒక క్రీడాకర్తకు ఇంతకంటె నిగూఢమైన పరికరముల సమస్య ఎక్కడ దొరకును? నాయకునకు ఈ దినమున ఏ కత్తియు పనికిరాదని, ఏమి ధరించినను ప్రయోజనము లేదని, వినుటయు పలుకుటయు మాత్రమే మిగిలినవని చెప్పగల ఆటను నేనింతవరకు చూడలేదు.

ఇంత చెప్పినంతమాత్రమున బటనులన్నింటిని పీకివేయుడనుట నా అభిమతము గాదు. 2020 జులైలో వెలువడిన ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ అను క్రీడను చూడుడు. 1274లో మంగోలులు త్సుషిమా ద్వీపముపై పడిన కథ అది. అప్పుడిక్కడ రుద్రమదేవి ఓరుగల్లున నేలుచుండెను. ఆ క్రీడలో ఒక్కొక్క కవచముతోబాటు శిరస్త్రాణము, ముసుగు, రక్షరేకులు మొదలైనవి విడివిడిగా ధరింపవలసియుండెను. చాటుగా పోవుటకు ఒక కూర్పు, ఎదురుపోరునకు ఒక కూర్పు, విలువిద్యకు ఒక కూర్పు అమర్చుకొన్నవాడు ఒకదానినుండి మరొకదానికి మారునప్పుడెల్ల రక్షరేకుల నొక్కొక్కటే తీసి పెట్టవలసివచ్చెడిది. అదే యేడు అక్టోబరులో సంస్థవారు మార్పు చేసి, ఏ కవచముతో ఏవి చేరవలెనో ఒక్కమారు చెప్పినచో, కవచము మార్చినంతనే తక్కినవన్నియు తమంతట తామే అమరునట్లు సవరించిరి. ఇది మేలైన సంస్కారము. ఆడువాడు ఒకనాడు ఆలోచించి కూర్చిన కూర్పును యంత్రము జ్ఞాపకముంచుకొనుట న్యాయమే. తలచినదానినే మరల తలపించుట అన్యాయము. ఆ క్రీడయందే పోరునడుమ కత్తిపట్టు విధమును నాలుగు రీతుల మార్చుకొనవచ్చును. ఈటె గలవానికొకటి, డాలు గలవానికొకటి. అది వస్తువును మార్చుట గాదు, దేహమును మార్చుట. పోరునడుమ మనిషి మార్చుకొనగలది అదియే గాన అచ్చట వేగము శోభించును.

మా ఊరి మిరపరైతు తెల్లవారుజామున చేనికి పోవునప్పుడు వాకిట నిలిచి, నేడు మందు కొట్టుటయా, కలుపా, కాయకోతయా యని నిశ్చయించుకొని, దానికి తగినట్లు పంపో, కొడవలియో, గోనెపట్టాలో బండిలో వేసికొని, మంచినీళ్ళ టిన్ను చూచుకొని బయలుదేరును. మందు కొట్టుటకు పోయి పంపు గొట్టము ఇంట మరచినచో మరల పోయి రావలసినదే, ఆ పూట సగము గడచినట్లే. అట్లని మొత్తము సామాను ప్రతిదినము బండికెత్తడు. ఏది ఇంట విడువవలెనో తెలియుట అతని వ్యవసాయజ్ఞానమున సగపాలు.

సాహసక్రీడకును వాకిలి యొకటి ఉండవలెనని నా వాదము. విడిదియో, గుడియో, చెట్టో, ఏదైన ఒక నియతస్థలమున నాయకుడు ఆగి, తన కూర్పులలో దేనినైన ఒక్క బటనుతో ఎన్నుకొనవచ్చును. అక్కడ ఎంత సౌకర్యమైన కల్పింపుడు, పేర్లు పెట్టుకొననిండు, రంగులు వేసికొననిండు. ఆ గడప దాటిన పిదప మాత్రము తెచ్చుకొన్నదానితోనే నెట్టుకొని రావలెను. ఎండకు తొడిగిన అంగీతో చలిలో చిక్కుకొన్నవాడు మంట రాజవేయు ఉపాయము వెదకును. ఇనుపకత్తితో ఉరుములో చిక్కినవాడు కత్తిని విసరివేయవలెనా, గుహకు పరుగెత్తవలెనా యని గుండె పట్టుకొని తలపోయును. ఈ ఉపాయములన్నియు ఆటలో ఇదివరకే యున్నవి. మెనూ వానిని నిరుపయోగము చేయుచున్నది, అంతే.

చేతులకు బలహీనత గలవారును, రోజంతయు పనిచేసి రాత్రి అరగంట ఆడుకొనువారును దీనిని ఒప్పుకొనకపోవచ్చును. వారికొరకు కాలము నిలుపు పద్ధతిని ఐచ్ఛికముగ ఉంచుటకు నాకు ఆక్షేపణ లేదు. ఆట మొదటనే అడిగి తెలిసికొనవచ్చును.

ఆక్షేపణ ఉన్నది మరియొకదానిపై. మన పల్లెలలో వీడియో గేమనగా ఫోనుగేమే. వానిలో పరికరములు మార్చుట విక్రయవస్తువైనది. తుపాకికి బంగారుపూత, యోధునికి నెమలిపింఛపు కోటు, గొడుగుకు మెరుపులు. పూతలకు స్కిన్నులని పేరు. నిజమైన రూకలు పోసి కొనవలెను. అందలి విడ్డూరమేమన, ఆ పూతలలో పెక్కింటివలన దెబ్బ బలియదు, గాయము మానదు. గుణము మార్చని వేషమును అమ్ముటకొరకు, వేషము మార్చుట ఎప్పుడు పడిన అప్పుడు, ఎక్కడ పడిన అక్కడ వీలగునట్లు చేసిరి; అంగడి మూయునట్టి వేళ వర్తకునకు నచ్చదు గదా. సంక్రాంతికి వచ్చిన పిల్లలందరు అరుగుపై కూర్చుండి ఒకరి కోటు నొకరు చూచుకొనుచుండుటయే గాని ఆట మొదలిడినది లేదు, ఆ సాయంకాలము.

పుణెలోని నాడింగ్ హెడ్స్ అను చిన్న బృందము 2020లో ‘రాజీ’ అను క్రీడను వెలువరించి, ఒక బాలికకు దుర్గ త్రిశూలమును, విష్ణువు శార్‌ఙ్గ ధనుస్సును ఒసగి, వానిని కథాక్రమమున ఒక్కటొక్కటిగా చేతికందునట్లు కూర్చినది. అట్టి పని తెలుగున జరుగవలెను. క్రీడానిర్మాతల సదస్సులు హైదరాబాదున పలుమారులు జరిగినవి. చిత్రకారులకు, ప్రోగ్రాములు వ్రాయువారికి మనకు లోటు లేదు. పల్నాటి కథను ఆటగా తీర్చ సంకల్పించు వారెవ్వరైన ఉన్నచో నా మనవి ఇది. కారెంపూడి ఉత్సవపు అయిదుదినములను అయిదు భాగములుగా తీసికొనుడు. ఒక్కొక్కదినమునకు ధరింపదగినది వేరుగ నుండనిండు. రాయబారమునాడు ఆయుధము గడప వెలుపలనే విడిచి పోవునట్లు కట్టడి చేయుడు. ఆడువాడు బెంగపడి చేతులు తడుముకొననిండు. మందపోరునాడు చాపకూడు ఉన్నది. అన్నికులములవారు ఒక్క చాపపై కూర్చుండి భుజించు ఆ పంక్తిలో కవచముతో కూర్చుండుట కుదరదని నియమము పెట్టుడు. బ్రహ్మనాయుని సేనాని కన్నమదాసు ఆయుధమును బాలచంద్రుని చేతికి, బాలచంద్రుని ఆయుధమును కన్నమదాసు చేతికి మార్చు వీలు పొరపాటున గూడ కల్పింపవలదు. బొంగరము విడిచిన పిదప సంచిలో బొంగరము కనబడగూడదు.

ఈ పథకమును మా పిల్లవానికి వినిపించితిని. శ్రద్ధగా విని, “గుడి దాకా ప్రతిసారీ నడిపిస్తే ఎవడూ ఆడడు, పెద్ద తాతయ్యా. గుళ్ళు ఎక్కువ పెట్టించండి,” అనెను. వాడు చెప్పినది కొట్టివేయదగినది గాదు. ఒక్కొక్క పోరునకు ముందు ఒక విడిది యుండునట్లు దూరములను సవరింపవచ్చును. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి అనెను: ఫోనుతెరపై బొమ్మలు ఆవగింజలంత, వాని క్రింద ఇంగ్లీషు అక్షరములు చీమలంత, వ్రేలు పెట్టగా రెండు బొమ్మలు ఒక్కసారి నొక్కబడును, కావలసినది కుంతమైతే వచ్చునది డాలు. అందుచే విడిది కడ తెరచు ఆ పుటలో ఒక్కమారు నాలుగు కూర్పులకు మించి చూపక, ఒక్కొక్కటి బొటనవ్రేలి వెడల్పున నుంచి, పేర్లు తెలుగక్షరములలో, మా ఊరి బడిలో ఆరవతరగతి పిల్ల కూడ తడుముకొనక చదువునంత పెద్దవిగా వ్రాయింపవలెను.